పాత సైనిక యూనిఫాం చేతికొస్తే: రెజిమెంట్ సేకరణ చూసుకునేవాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

రెజిమెంట్ సేకరణలోకి వస్తువులు ఒక్కొక్కటిగా, పేరు రాసిన చీటీతో రావు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఒక ట్రంకు పెట్టె తెచ్చి అప్పజెప్తారు. అందులో మడతపెట్టిన ఉన్ని కోటు, జేబులో ఏవో కాగితాలు, సిగరెట్ డబ్బాలో రెండు పతకాలు, ఎండిపోయిన తోలు బెల్టు, తుప్పు పట్టిన నీళ్ల సీసా, ఎవరిదో తెలియని ఫోటో ఉంటాయి. చూడగానే చేతులు ఊరుకోవు. కోటు దులిపి హ్యాంగర్‌కి తగిలిద్దామని, పతకాలు పాలిష్ చేసి మెరిపిద్దామని, కాగితాలు ఒక ఫైల్లో ఫోటోలు ఇంకో ఆల్బంలో సర్దేద్దామని అనిపిస్తుంది. దయచేసి ఆగండి. ఉన్ని కోటు వందేళ్లు నిలుస్తుంది, కానీ అది ఎవరిది, ఎక్కడ తొడిగాడు, ఈ ఫోటోకీ ఆ కోటుకీ సంబంధం ఏంటి అనే సంగతి మాత్రం సర్దుడు మొదలుపెట్టిన మొదటి గంటలోనే పోతుంది, పోతే మళ్లీ దొరకదు. కింద చెప్పే క్రమం అంతా ఆ ఒక్క సంగతిని కాపాడటానికే.

ముందు రాసుకోండి, తర్వాత ముట్టుకోండి

వస్తువులు తెచ్చినవాళ్లు మీ ఎదురుగా కూర్చున్న సమయాన్ని వదులుకోవద్దు. వాళ్లు వెళ్లిపోయాక ఫోన్ చేసి అడుగుదాంలే అనుకుంటారు, అడగడం కుదరదు, లేదా అడిగేసరికి వాళ్లింట్లో ఆ కథ తెలిసిన పెద్దాయన ఉండకపోవచ్చు. వాళ్లు ఒప్పుకుంటే మాటల్ని ఫోన్‌లో రికార్డు చేయండి. సైనికుడి పూర్తి పేరు, ఆయన తెచ్చినవాళ్లకి ఏమవుతారు, ఏ రెజిమెంట్, ఏ బెటాలియన్, ఎప్పుడు చేరాడు, ఎక్కడెక్కడ పనిచేశాడు అన్నవి అందరూ అడుగుతారు. చాలామంది అడగనివి ఇంకో రెండున్నాయి. ఆయన తర్వాత ఈ పెట్టె ఎవరెవరి చేతులు మారింది? మధ్యలో ఎవరైనా ఏమైనా మార్చారా? పిల్లలు నాటకంలో వేసుకోవడానికి చేతులు కుదించారా, ఊడిన గుండీల బదులు వేరేవి కుట్టారా, పతకాలకి కొత్త రిబ్బన్లు వేయించారా? ఈ జవాబులు రాసుకోకపోతే ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో పరిశోధకుడు వచ్చి ఆ తప్పు గుండీ పట్టుకుని ఒక సిద్ధాంతం కట్టేస్తాడు.

కుటుంబం చెప్పిన కథని ఉన్నదున్నట్టు, వాళ్ల మాటల్లోనే రాయండి, పక్కన "కుటుంబం చెప్పినది" అని గుర్తు పెట్టండి. మీరు రికార్డుల్లో తేల్చుకున్న విషయం విడిగా ఇంకో చోట ఉండాలి. రెండూ ఒకే పేరాలో కలిసిపోతే ఏది విన్నదో ఏది రుజువైందో ఆ తర్వాత విడదీయలేరు. కుటుంబ కథలో తేదీ తప్పు ఉండొచ్చు, యుద్ధం పేరు మారిపోయి ఉండొచ్చు, అయినా ఆ కథకి దాని విలువ దానికుంది, కాబట్టి సరిదిద్దకండి.

తర్వాత పెట్టెని విప్పకముందే ఫోటో తీయండి. మూత తెరిచాక ఒకటి, ఒక్కో పొర తీసినప్పుడల్లా ఒకటి. ఏది దేని మీద ఉంది, ఏ కాగితం ఏ మడతలో ఉంది అనేది కూడా సమాచారమే.

ఇప్పుడు జేబులు. కోటుని శుభ్రంగా ఉతికిన తెల్ల గుడ్డ మీద వెల్లకిలా పరచండి. జేబు మూత కింద వేలు పెట్టి లాగకండి, పాత కుట్టు ఒక్క లాగుడుకు తెగుతుంది. గుండీని రెండు వేళ్లతో కదలకుండా పట్టుకుని కాజాని దాని మీంచి నెమ్మదిగా జరపండి. లోపల చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి చూడండి, ఎందుకంటే సూదులు, బ్లేడు ముక్కలు, విరిగిన పిన్నులు ఉండటం మామూలే. జేబు అడుగున కుట్టు వెంబడి బూడిద రంగు పోగులా ఏదో చేరి ఉంటుంది. దగ్గర నుంచి చూస్తే అందులో పొగాకు పొడి, మట్టి రేణువులు, దారపు ముక్కలు, పెన్సిల్ ములికి కనిపిస్తాయి. చెత్త అనుకుని దులిపేయకండి. మెత్తటి బ్రష్షుతో తెల్ల కాగితం మీదికి రాల్చి, చిన్న జిప్ కవర్లో వేసి, "రొమ్ము జేబు, ఎడమ, అడుగు నుంచి" అని రాసి కోటుతోనే ఉంచండి. ఆ మనిషి ఆఖరిసారి ఆ జేబులో చెయ్యి పెట్టినప్పటిది ఇంతకన్నా దగ్గరగా మనకి ఇంకేమీ దొరకదు.

ప్రమాదమైనవి పక్కన పెట్టండి

ఈ విషయంలో మొహమాటం వద్దు. తూటా, గ్రెనేడ్, షెల్ లాంటిది ఏదైనా పెట్టెలో ఉంటే అది ఖాళీదని కుటుంబం ఎంత గట్టిగా చెప్పినా నమ్మకండి. కదపకుండా గది ఖాళీ చేసి పోలీసులకి కబురు చేయండి. పూలకుండీలా దశాబ్దాలపాటు ఇంట్లో ఉన్న షెల్ కూడా లోపల మందుతోనే ఉండొచ్చు. తుపాకులు, బయొనెట్ల విషయంలో మీ దేశపు ఆయుధాల చట్టం ఏం చెప్తుందో చూసుకున్నాకే స్వీకరించండి.

గ్యాస్ మాస్కు వస్తే ఎవర్నీ ముఖానికి పెట్టుకోనివ్వకండి. రెండో ప్రపంచ యుద్ధం నాటి చాలా మాస్కుల ఫిల్టర్లలో ఆస్బెస్టాస్ ఉంది. మందపాటి పాలిథీన్ కవర్లో వేసి సీలు చేసి, పైన పెద్ద అక్షరాలతో హెచ్చరిక రాయండి. పాత దిక్సూచి, చేతి గడియారం, విమానం మీటర్ల ముళ్ల మీద పూసిన మెరిసే రంగులో రేడియం ఉండొచ్చు. చీకట్లో ఇప్పుడు మెరవడం లేదు కదా అని భరోసా పెట్టుకోవద్దు. ఆ మెరుపునిచ్చే జింక్ సల్ఫైడ్ అరిగిపోతుంది గానీ రేడియం సగానికి తగ్గడానికే దాదాపు 1,600 ఏళ్లు పడుతుంది. అలాంటివి విప్పకండి, అద్దం పగిలి ఉంటే అసలు ముట్టుకోకండి. చాలా ఒకేచోట ఉంటే మూసిన బీరువాలో రేడాన్ వాయువు పేరుకుంటుంది, నిపుణులతో కొలిపించండి. ఎలుగుబంటి చర్మపు టోపీలు, ఈకల కుచ్చులు, జంతు చర్మాల మీద ఒకప్పుడు పురుగు పట్టకుండా ఆర్సెనిక్, పాదరసం ఉప్పులు చల్లేవాళ్లు. వాటిని గ్లవ్స్ లేకుండా పట్టుకోకండి, దులపకండి. ఫోటో నెగటివ్‌లు జిగటగా, గోధుమ రంగులోకి మారి, ఘాటు వాసన వస్తుంటే అవి నైట్రేట్ ఫిల్మ్ కావొచ్చు. అది చాలా తేలిగ్గా అంటుకుంటుంది కాబట్టి మిగతా సేకరణకి దూరంగా, చల్లగా ఉంచి నిపుణులకి చూపించండి.

పురుగు లోపలికి రాకుండా

కొత్తగా వచ్చిన ఏ బట్టనీ నేరుగా స్టోర్ గదిలోకి తీసుకెళ్లకండి. ఉన్ని, వెంట్రుక, ఈకలు తినే బట్టల చిమ్మెట, కార్పెట్ బీటిల్ పిల్ల పురుగులు ఒక్క కోటుతో వచ్చి మొత్తం సేకరణకి పాకుతాయి. చెమట, మరకలు ఉన్నచోట అంటే కాలర్ కింద, చంకల్లో, అస్తరు మడతల్లో వెతకండి. గూడులాంటి తెల్లటి గొట్టాలు, ఇసుకలా రాలే రెట్ట, ఖాళీ పొట్టు కనిపిస్తే పట్టినట్టే. కనిపించకపోయినా సీలు చేసిన కవర్లో కొన్ని వారాలు విడిగా ఉంచి మళ్లీ చూడండి.

పురుగు పడితే మందు కొట్టకండి, కలరా ఉండలు అసలు వేయకండి, వాటి ఆవిరి మనుషులకీ ప్లాస్టిక్కులకీ మంచిది కాదు. ఫ్రీజర్ చాలు. కోటుని టిష్యూ కాగితంలో చుట్టి, పాలిథీన్ కవర్లో పెట్టి, గాలి వీలైనంత నొక్కేసి సీలు చేయండి. −30 డిగ్రీల సెల్సియస్ దగ్గర మూడు రోజులు, ఇంట్లో వాడే ఫ్రీజర్లలా −18 దగ్గరైతే కనీసం రెండు వారాలు. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకండి. ఒక రోజంతా గది వేడికి రానిచ్చి తర్వాత విప్పాలి, లేకపోతే గాలిలోని తేమ చల్లటి బట్ట మీదికి నీళ్లై దిగుతుంది. రంగు పూసిన డ్రమ్ములు, ఎముక, దంతం, గాజు, ఫోటోలు, పతకాలు ఫ్రీజర్లో పెట్టొద్దు.

ఎవరిది, ఎప్పటిది

నన్నడిగితే ఈ పనిలో మనసు పెట్టాల్సిన చోటు ఇదే. వస్తువులు చాలా చెప్తాయి, చూడటం తెలియాలంతే.

కాలర్ లోపల, జేబు లోపలి వైపు, ప్యాంటు నడుం పట్టీ దగ్గర సిరాతో కొట్టిన ముద్రలుంటాయి. తయారీదారు పేరు, ఏడాది, సైజు, కొన్నిసార్లు సైనికుడి నంబరు. పైకి చూపే చిన్న బాణంలా కనిపించే గుర్తు బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి అని చెప్పే ముద్ర. వెలిసిపోయిన సిరాని చదవాలంటే గదిలో లైట్లు ఆపి, టార్చిని బట్టకి దాదాపు సమాంతరంగా పక్కనుంచి పట్టుకోండి, ఎదురుగా చూస్తే కనిపించనివి నీడల్లో తేలతాయి. ఫోటో తీసి దాని కాంట్రాస్ట్ పెంచితే ఇంకా బాగా తెలుస్తుంది.

గుండీలు, బ్యాడ్జీల మీది కిరీటం కాలం చెప్తుంది. బ్రిటిష్ సైన్యంలో విక్టోరియా కాలపు కిరీటం ఆకారం వేరు, 1901 తర్వాత రాజుల కాలంలో వంపులు పైకి గుండ్రంగా లేచిన కిరీటం వచ్చింది, రెండో ఎలిజబెత్ కాలంలో మధ్యలో నొక్కుకున్నట్టుండే కిరీటం. భారత సైన్యంలో 1950లో గణతంత్రం వచ్చాక కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. ఖాకీ ఉందంటే మొదటి ప్రపంచ యుద్ధందే అనుకోవద్దు. 1846లో పెషావర్‌లో ఏర్పడ్డ కోర్ ఆఫ్ గైడ్స్ అనే సైనిక దళం దగ్గర మొదలైన ఖాకీ, బ్రిటిష్ సైన్యం మొత్తానికి స్వదేశంలో కూడా మామూలు సర్వీస్ దుస్తులుగా మారింది 1902లో. వెబ్బింగ్ (మందపాటి నూలు నేత పట్టీ) బెల్టులు, సంచుల విషయంలో మోడల్ పేరులోనే ఏడాది ఉంటుంది (1908, 1937 ప్యాటర్న్‌లు), కానీ అది డిజైన్ ఖాయమైన ఏడాది మాత్రమే. ఆ బెల్టు తయారైన ఏడాది ముద్రలో విడిగా ఉంటుంది. ఉక్కు హెల్మెట్ ఉంటే, బ్రిటిష్ సైన్యంలో అది 1915 తర్వాతదే.

పతకాల అంచుని తప్పకుండా చదవండి. మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్ అంచు చుట్టూ నంబరు, హోదా, పేరు, యూనిట్ కొట్టి ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పాల్గొన్నందుకు ఇచ్చిన పతకాలు మాత్రం బ్రిటిష్ సైనికులకి పేరు లేకుండానే ఇచ్చారు, కాబట్టి వాటితో పాటు వచ్చిన అట్టపెట్టె, చిరునామా, లోపలి చీటీ ఇవే ఆధారం, వాటిని పారేస్తే ఆ పతకం ఎవరిదైనా అయిపోతుంది. భారతీయ సైనికులకి ఇచ్చిన వాటి మీద పేర్లు కనిపిస్తాయి, కాబట్టి అంచు చూడకుండా వదలొద్దు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ల కుటుంబాలకి ఇచ్చిన కంచు ఫలకం, దాదాపు 12 సెంటీమీటర్ల వెడల్పుది, మీకు రావొచ్చు. దాని మీద పేరు ఉంటుంది గానీ హోదా ఉండదు. అందరి త్యాగమూ సమానమే అని అలా చేశారు. పేరొక్కటే ఉంది కాబట్టి అదే పేరున్న ఇంకెందరిలోంచో ఆయన్ని వెతకాలి, దానికి కుటుంబం మాట, తోడు వచ్చిన కాగితాలే దారి.

నంబరు దొరికిందని తొందరపడకండి. బ్రిటిష్ సైన్యంలో 1920 వరకు ఒక్కో రెజిమెంట్ తన నంబర్లు తనే వేసుకునేది, అంటే ఒకే నంబరు వేర్వేరు రెజిమెంట్లలో వేర్వేరు మనుషులది. నంబరు, పేరు, యూనిట్ మూడూ కలిస్తేనే మనిషి. గుర్తింపు బిళ్ల ఉంటే చూడండి: 1916 నుంచి బ్రిటిష్ సైనికులు రెండు ఫైబర్ బిళ్లలు వేసుకునేవాళ్లు, మనిషి చనిపోతే ఎర్ర గుండ్రటిది లెక్క కోసం తీసుకునేవాళ్లు, ఆకుపచ్చ ఎనిమిది పలకలది దేహంతో ఉండిపోయేది. అందుకే ఒక పెట్టెలో రెండూ కలిసి ఉన్నాయంటే ఆయన ఇంటికి తిరిగొచ్చాడనే అనుకోవచ్చు.

రికార్డుల్లో చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 1940 సెప్టెంబరులో లండన్ మీద జరిగిన బాంబుదాడిలో మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ సైనికుల సర్వీసు కాగితాల్లో సగానికి పైగా కాలిపోయాయి. అమెరికాలో 1973 జులై 12న సెయింట్ లూయిస్ రికార్డుల భవనం తగలబడి 1.6 నుంచి 1.8 కోట్ల ఫైళ్లు పోయాయి. కాబట్టి మీ చేతిలో ఉన్న పే బుక్కు (సైనికుడి జీతం, సర్వీసు వివరాలు రాసే చిన్న పుస్తకం), కోటు లోపలి నంబరు కొన్నిసార్లు ఆ మనిషి గురించి మిగిలిన ఒకే ఒక్క రాతపూర్వక సాక్ష్యం. పతకాల జాబితాలు, రెజిమెంట్ డైరీలు, కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా (రెండు యుద్ధాల్లో చనిపోయిన దాదాపు 17 లక్షల మంది) చూడండి. అవిభక్త పంజాబ్ సైనికులైతే, లాహోర్ మ్యూజియంలో ఉన్న మొదటి ప్రపంచ యుద్ధపు రిజిస్టర్లలో దాదాపు 3,20,000 పేర్లున్నాయి.

నంబరు వేయడం

ఏడాది, ఆ ఏడాది వచ్చిన ఎన్నో విరాళం, అందులో ఎన్నో వస్తువు: 2025.7.3 లాగ. అంతకన్నా తెలివైన పద్ధతులు కనిపెట్టకండి, మీ తర్వాత వచ్చేవాళ్లకి తలప్రాణం తోకకొస్తుంది. ఒకే సైనికుడి వస్తువులన్నిటికీ మొదటి రెండు భాగాలు (2025.7) ఒకటే ఉంటాయి కాబట్టి బీరువాలు వేరైనా అవి విడిపోవు.

బట్టకి: నూలు టేపు ముక్క మీద చెరగని సిరాతో రాసి, అస్తరు దగ్గర రెండు మూడు వదులు కుట్లతో పట్టించండి. లోహానికి: కనిపించని చోట పారలాయిడ్ బి-72 (పారదర్శకమైన ఆక్రిలిక్ పూత) పలచగా పూసి, ఆరాక సిరాతో నంబరు రాసి, పైన ఇంకో పూత. ఎప్పుడైనా తీయాలంటే అసిటోన్‌తో వచ్చేస్తుంది. కాగితానికి, ఫోటోకి వెనక వైపు అంచున మెత్తటి పెన్సిల్ మాత్రమే. తోలుకి ఏమీ రాయకండి, చీటీ దారంతో కట్టండి. స్టిక్కర్లు, సెల్లోటేపు, పిన్నులు, స్టేపుల్స్ దేనికీ వద్దు. రిజిస్టర్ చేతిరాతలో ఒకటి, కంప్యూటర్లో ఒకటి, ఇంకో భవనంలో ఒక కాపీ ఉండాలి.

శుభ్రం ఎంతవరకు

గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో అడ్మిరల్ నెల్సన్ 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ యుద్ధంలో వేసుకున్న కోటు ఉంది. ఎడమ భుజం మీద తూటా చేసిన రంధ్రం అలాగే ఉంది, రక్తపు మరకలూ ఉన్నాయి. వియన్నా సైనిక మ్యూజియంలో 1914 జూన్ 28న సరయేవోలో హత్యకి గురైన ఆర్చ్‌డ్యూక్ ఫ్రాంజ్ ఫెర్డినాండ్ యూనిఫాం కూడా రక్తంతోనే ఉంది. వాటిని ఉతికి, రఫ్ఫు చేసి పెట్టి ఉంటే అవి మంచి పాత కోట్లు అయ్యేవి, అంతే. మీ దగ్గరున్న సిపాయి కోటు మీది బురదకీ అదే గౌరవం ఇవ్వండి. మరక ఏంటో తెలియకపోతే అది సాక్ష్యం అనే లెక్క.

మరి ఏం చేయొచ్చు? ధూళి తీయొచ్చు, ఎందుకంటే ధూళి పదునైన రేణువులతో నూలుపోగుల్ని కోస్తుంది, పురుగుల్ని పిలుస్తుంది. ఇది కూడా ఫోటోలు, రాతలు అన్నీ అయ్యాకే. వ్యాక్యూమ్ క్లీనర్ శక్తి బాగా తగ్గించి, గొట్టం మూతికి సన్నటి వలగుడ్డ కట్టి, మెత్తటి బ్రష్షుతో ధూళిని గొట్టం వైపు తోయండి. గొట్టం బట్టకి ఆనకూడదు. డ్రైక్లీనింగ్ వద్దు, నీళ్లు వద్దు, ఇస్త్రీ అసలే వద్దు. జరీ పని మీద చెయ్యే పెట్టకండి: పైన బంగారు పూత, కింద వెండి లేదా రాగి తీగ, మధ్యలో పట్టుదారం, దేనికి మంచిది చేసినా ఇంకోదానికి చెడు చేసినట్టే.

తోలు విషయంలో వినే సలహాల్లో ఎక్కువ భాగం తప్పు. ఎండిన బెల్టు చూడగానే నూనె రాయమంటారు. నూనె తోలుని నల్లగా చేస్తుంది, ధూళిని పట్టుకుంటుంది, కొన్నేళ్లకి తెల్లటి మైనంలా పైకి ఉబుకుతుంది. వాడకంలో ఉన్న బూటుకి అది సరే, మ్యూజియం వస్తువు వంగాల్సిన పని లేదు, దాని ఆకారంలో దాన్ని ఆసరా ఇచ్చి పడుకోబెడితే చాలు. ఎర్రటి పొడి రాలుతుంటే దాన్ని రెడ్ రాట్ అంటారు, 19వ శతాబ్దం చివరి తోలులో ఎక్కువ. దాన్ని తుడిచినా నూనె పెట్టినా ఇంకా పాడవుతుంది. ఇథనాల్‌లో కలిపిన హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్‌తో పొడిని నిలిపే పద్ధతి ఉంది, ఆ పని కన్సర్వేటర్ (పాత వస్తువుల్ని కాపాడటంలో శిక్షణ పొందిన నిపుణుడు) చేతుల మీదుగా జరగాలి. తోలుకి ఇత్తడి బకిల్ తగిలిన చోట ఆకుపచ్చటి మైనంలా చిలుము పడుతుంది. అది మాత్రం మీరు వెదురు పుల్లతో నెమ్మదిగా గీకి తీయొచ్చు, ఆ తర్వాత బకిల్‌కీ తోలుకీ మధ్య చిన్న పాలిస్టర్ ఫిల్మ్ ముక్క పెట్టండి.

ఇత్తడి, వెండి పాలిష్ చేయకండి. ప్రతి పాలిష్‌కీ లోహం పైపొర ఒకటి పోతుంది, దాంతో పాటు పతకం అంచు మీది పేరు కూడా అరుగుతుంది. బ్యాడ్జీ సందుల్లో ఎండిన తెల్లటి పాలిష్ సైనికుడు తనే రుద్ది రుద్ది వదిలింది అయితే అది ఆయన రోజువారీ క్రమశిక్షణకి గుర్తు, ఉండనివ్వండి. వెబ్బింగ్ మీది బ్లాంకో (పట్టీలకి రంగు కోసం సైనికులు రుద్దే పదార్థం) పూత కూడా అంతే. హెల్మెట్‌కి కొత్త రంగు వేయడం, తుప్పుని గరుకు కాగితంతో గోకడం నేరం కిందే లెక్క అని నా అభిప్రాయం. ఆ రంగు పొరల్లో ఎక్కడ పనిచేశాడో, ఏ యూనిట్ గుర్తు వేశారో ఉంటుంది.

భద్రంగా ఉంచడం

ఇక్కడ ఖరీదైన సామాను కన్నా నిలకడ ముఖ్యం. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే బట్టకీ కాగితానికీ బాగుంటుంది, 65 దాటితే బూజు పడుతుంది. ఇనుముకీ చిలుముతో బాధపడే రాగికీ 40 కన్నా తక్కువ కావాలి కాబట్టి వాటిని సిలికా జెల్ వేసిన గట్టి మూత డబ్బాల్లో విడిగా పెట్టండి. ఇనుప బకిల్ కోటుకి కుట్టి ఉంటే దాన్ని ఊడదీయకండి, కోటుకి నప్పే తేమలోనే ఉంచుతూ తుప్పు మీద కన్నేయండి.

ఉన్నికీ పట్టుకీ ఆసిడ్ లేని, బఫర్ చేయని (అంటే క్షారం కలపని) టిష్యూ కాగితం వాడండి, బఫర్ చేసింది నూలుకీ నారకీ మాత్రమే. బలంగా ఉన్న కోటైతే భుజం వెడల్పుకి సరిపోయేలా దూది, నూలు గుడ్డ చుట్టిన హ్యాంగర్ మీద వేలాడదీయొచ్చు. జరీతో బరువెక్కినవి, భుజం కుట్లు తెగుతున్నవి పెద్ద పెట్టెలో పడుకోబెట్టండి. ప్రతి మడతలోనూ టిష్యూ చుట్ట పెట్టాలి, చేతుల్లో కూడా పెట్టండి, గీత పడితే ఆ గీత దగ్గరే చిరుగుతుంది.

పెట్టెలు, అరల విషయంలో జాగ్రత్త. టేకు, ఓకు లాంటి చెక్కలు ఆమ్లపు ఆవిర్లు వదులుతాయి, ముఖ్యంగా ఓకు నుంచి వచ్చే ఎసిటిక్ ఆసిడ్ సీసం తూటాలని తెల్లటి పొడిగా మార్చేస్తుంది. పీవీసీ కవర్లు, కుర్చీల్లో వేసే రకం పాలీయురెథేన్ నురుగు, రబ్బరు బ్యాండ్లు మానేయండి. పాలిస్టర్ కవర్లు, పాలిథిలిన్ నురుగు మంచివి. కొత్త సామాను నమ్మదగిందా లేదా చూడటానికి బ్రిటిష్ మ్యూజియంలో 1973లో ఆండ్రూ ఆడీ కనిపెట్టిన పరీక్ష ఉంది: వెండి, సీసం, రాగి ముక్కల్ని ఆ సామానుతో, కొద్దిగా నీళ్లతో కలిపి మూసిన గాజులో 60 డిగ్రీల దగ్గర 28 రోజులు ఉంచి, ఏవి పాడయ్యాయో చూస్తారు.

పతకాలు ఉన్ని కోటుకే గుచ్చి ఉంటే ఆలోచించుకోవాలి, ఉన్ని నుంచి వచ్చే గంధకం వెండిని నల్లబరుస్తుంది. అవి సైనికుడే పెట్టుకున్న వరుస అయితే ముందు ఫోటో తీసి, ఎక్కడ గుచ్చారో కొలిచి రాసుకుని, ఆపైన తీయాలా ఉంచాలా నిర్ణయించండి. నేనైతే ఉంచి, మధ్యలో పాలిస్టర్ ఫిల్మ్ పెడతాను. గ్యాస్ మాస్కు గొట్టం లాంటి రబ్బరు వస్తువుల్ని మడవకుండా, చీకట్లో, వెండికి దూరంగా ఉంచండి.

చిన్న చిన్న జ్ఞాపకాలు

ఉత్తరాలు, ప్రార్థన పుస్తకం, నొక్కి పెట్టిన ఎండు పువ్వు, ఎవరివో వెంట్రుకల పాయ, ఫ్రాన్స్ నుంచి పంపిన పట్టు కుట్టుపని పోస్టుకార్డు, తూటా గొట్టంతో చేసిన లైటరు. లెక్కల్లో వీటికి విలువ తక్కువ, ఒక్కోసారి పెట్టె అడుగునే పడి ఉంటాయి. కానీ యూనిఫాం అందరికీ ఒకే రకంగా ఇచ్చారు, ఇవి మాత్రం ఆయన ఎంచుకుని దాచుకున్నవి. అందుకే వీటిని రకాలవారీగా విడగొట్టి "ఉత్తరాల పెట్టె", "ఫోటోల ఆల్బం" చేయకండి. ఒకరివి ఒకే చోట, ఒకే నంబరు కింద.

1914 క్రిస్మస్‌కి యువరాణి మేరీ పేరు మీద సైనికులకి పంపిన ఇత్తడి డబ్బా చాలా సేకరణల్లో ఉంటుంది. చాలామందికి అందులో పొగాకు, సిగరెట్లు వచ్చాయి, సిక్కు సైనికులకి బదులుగా కలకండ, మసాలా దినుసులు పెట్టారు. ఖాళీ డబ్బా దొరికితే మూత తెరిచి మూలల్లో చూడండి, వాసన కూడా రాసుకోండి. చాలామంది దాన్ని తర్వాత గుండీలు, సూదులు, ఉత్తరాలు దాచుకోవడానికి వాడారు, లోపల ఉన్నవి అసలువి కావని తీసేయకండి, అవి ఆ డబ్బా రెండో జీవితం.

ఉత్తరాలు మడతలో ఇరుక్కుపోయి ఉంటే బలవంతంగా విప్పకండి. శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులతోనే పట్టుకోవచ్చు, నూలు గ్లవ్స్ వేసుకుంటే కాగితం అంచు తెలియక చింపేస్తాం. లోహానికీ ఫోటోలకీ మాత్రం నైట్రైల్ గ్లవ్స్ కావాలి, వేలిముద్రలోని ఉప్పు ఇత్తడి మీద శాశ్వతంగా చెక్కినట్టు పడుతుంది. లామినేషన్ మాట ఎత్తకండి. స్కాన్ చేసేటప్పుడు ఒక్క రాసిన వైపే కాదు, కవరు, వెనక వైపు, సెన్సార్ ముద్ర, ఖాళీ పేజీ అన్నీ చేయండి.

ప్రదర్శనలో పెట్టేటప్పుడు

బట్టకి, సిరాకి, రంగుల ఫోటోకి వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలిచే కొలమానం) దాటకూడదు, అతినీలలోహిత కిరణాలు ఆపే ఫిల్టర్ ఉండాలి. వెలుతురు చేసిన నష్టం తగ్గదు, పోగవుతుంది, కాబట్టి కొన్ని నెలలు పెట్టి తీసి చీకట్లో విశ్రాంతినిచ్చి ఇంకోటి పెట్టండి. బొమ్మకి కోటు తొడిగేటప్పుడు కోటుకి తగ్గట్టు బొమ్మని నిర్మించాలి. నూరేళ్ల కిందటి మనుషుల రొమ్ము, నడుం ఈ కాలపు దుకాణం బొమ్మల కన్నా చాలా సన్నగా ఉంటాయి, బలవంతంగా గుండీలు పెడితే భుజం చినుగుతుంది. మనుషులకి ఎవరికీ తొడగకండి, ఫోటో కోసం కూడా.

కాగితాలు, హక్కులు, తిరిగివ్వడం

విరాళం ఇచ్చినవాళ్ల సంతకంతో ఒక పత్రం తీసుకోండి: ఇది దానమా, కొంతకాలం అప్పా, ఇచ్చే హక్కు వాళ్లకుందా, మిగతా వారసులకి తెలుసా. ఉత్తరం మీ చేతికొచ్చినంత మాత్రాన దాన్ని అచ్చు వేసే హక్కు రాదు. కాపీరైటు రాసినవాడి వారసులదే, దాని గురించి విడిగా అడిగి రాయించుకోవాలి.

ఇంకొకటి, దీన్ని చాలామంది పక్కకి నెట్టేస్తారు. సైనికుడి జ్ఞాపకాల్లో ఎదుటి పక్షం సైనికుడివి ఉంటాయి: పే బుక్కు, కుటుంబం ఫోటో, గుర్తింపు బిళ్ల, బంధుమిత్రులు శుభం కోరుతూ పేర్లు రాసిచ్చిన జపాన్ జెండా. అలాంటి జెండాలు ఇప్పుడు ఆయా కుటుంబాలకి తిరిగి చేరుతున్నాయి. మీ దగ్గర ఉంటే ఎవరు ఎక్కడ తీసుకున్నారో ఉన్నదున్నట్టు రాయండి, మీద ఉన్న ప్రతి పేరూ చదివించి జాబితా చేయండి, అడిగేవాళ్లు వచ్చేదాకా ఆగకుండా ఆ దేశపు రాయబార కార్యాలయానికి ముందే తెలియజేయండి. వెంట్రుకలు కాక వేరే మానవ అవశేషాలు, ఎముక, పన్ను లాంటివి దొరికితే ప్రదర్శన గురించి ఆలోచించకండి, పోలీసులకీ ఆ సైన్యపు యుద్ధ సమాధుల విభాగానికీ తెలపాలి.

అన్నీ తీసుకోవాల్సిన పనీ లేదు. ఒకే రకం కోట్లు, ఎవరివో తెలియనివి, ఇప్పటికే చాలా ఉంటే, ఇంకోటి తెచ్చినవాళ్లకి మర్యాదగా చెప్పి దాన్ని చూసుకోగల ఇంకో సేకరణ పేరు చెప్పండి. అదే కోటు ఒక పేరుతో, ఒక ఉత్తరంతో వస్తే మాత్రం చోటు చేయండి, బీరువాలో ఇంకేదైనా జరపాల్సి వచ్చినా సరే.